తెలివైన పిల్లకు థాయ్ సర్కారు బడి: ఎలా వెతకాలి, ఏం చూడాలి

మా అమ్మాయి నాలుగేళ్లకే తెలుగు కూడబలుక్కుని చదివేది. ఐదో ఏట ఒకరోజు బస్సులో నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, మూడులోంచి ఐదు తీసేస్తే ఇంకా అప్పు ఉంటుంది కదా, ఆ అప్పుకి అంకె ఉందా?" అని అడిగింది. మా వారు థాయ్, మేముండేది బ్యాంకాక్‌లో. ఇక్కడి మన తెలుగు వాళ్లు చాలామంది పిల్లలను ఇంటర్నేషనల్ స్కూల్‌కో, ఇండియన్ సిలబస్ ఉన్న స్కూల్‌కో పంపుతారు. మాకు ఆ ఫీజులు అందుబాటులో లేవు. పిల్లకు నాన్నమ్మ భాష బాగా రావాలన్న కోరిక కూడా ఉంది. అందుకే సర్కారు బడి వెతకడం మొదలుపెట్టాం. ఒక బడి మార్చాల్సి వచ్చింది, రెండోది కుదిరింది. ఆ తిరుగుడులో తెలుసుకున్నదంతా మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు పిల్లను రెండు వారాలు గమనించండి

ప్రతిభావంతులైన పిల్లలను థాయ్‌లో "అచ్ఛరియ" అంటారు. మన "ఆశ్చర్యం" లాంటి మాటే, పాళీ నుంచి వచ్చింది. ఆ మాటను బట్టే మన పని మొదలుపెట్టవచ్చు. పిల్ల మిమ్మల్ని ఏ విషయంలో ఆశ్చర్యపరుస్తోంది? ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని రోజూ రెండు లైన్లు రాయండి. ఏం అడిగింది, దేని మీద గంటసేపు కదలకుండా కూర్చుంది, దేనికి విసుక్కుంది, ఎవరితో ఆడింది.

ఇది ఎందుకంటే, తెలివైన పిల్లలందరికీ ఒకే బడి సరిపోదు. లెక్కల్లో దూసుకుపోయే పిల్లకు ముందుకు వెళ్లనిచ్చే టీచర్ కావాలి. బొమ్మలు వేసే పిల్లకు సాయంత్రం ఖాళీ కావాలి. చప్పుడుకు బెదిరే పిల్లకు నలభై మంది ఉన్న గది నరకంలా ఉంటుంది. ఈ నోటుబుక్కు ముందుముందు టీచర్‌తో మాట్లాడేటప్పుడు కూడా అక్కరకొస్తుంది. "మా అమ్మాయి చాలా తెలివైనది" అంటే ఏ టీచరైనా నవ్వి ఊరుకుంటుంది. "మొన్న ఇలా చేసింది చూడండి" అని పేజీ చూపిస్తే ఆగి చదువుతుంది.

ఐక్యూ పరీక్ష చేయించాలా అని చాలామంది అడుగుతారు. పిల్ల బడిలో ఇబ్బంది పడుతుంటేనో, చదువులో ఒకవైపు బాగా ముందు, మరోవైపు బాగా వెనక ఉంటేనో చేయించండి. బ్యాంకాక్‌లో పిల్లల మానసిక ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, పెద్దాసుపత్రుల్లో పిల్లల సైకాలజీ విభాగాలూ ఉన్నాయి. అడ్మిషన్ కోసమే అయితే తొందరపడాల్సిన పని లేదు.

బడుల రకాలు తెలుసుకోండి

థాయ్ ప్రైమరీని "ప్రథోమ్" అంటారు, అంటే మన "ప్రథమ". ప్రథోమ్ 1 నుంచి 6 దాకా ఉంటుంది. దానికి ముందు "అనుబాన్", అంటే నర్సరీ, కేజీ తరగతులు. తర్వాత "మత్థయోమ్", అంటే మన "మధ్యమ", ఆరేళ్ల హైస్కూల్.

సర్కారు బడులు అన్నీ ఒకే శాఖ కింద లేవు. ఎక్కువ భాగం విద్యాశాఖలోని ఓబెక్ (మౌలిక విద్యా కమిషన్ కార్యాలయం) కింద ఉన్నాయి, దేశమంతటా దాదాపు 29 వేలు. అందులో సగానికి దగ్గరగా 120 మంది కంటే తక్కువ పిల్లలున్న చిన్న బడులే. ఊళ్లలోని అలాంటి బడుల్లో ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసుకోవడం మామూలు. హువా హిన్‌లోని ఒక బడి నుంచి ఉపగ్రహం ద్వారా వచ్చే పాఠాలు టీవీలో చూపించి నెట్టుకొస్తారు. ఓబెక్‌లోనే రెండో కొస ప్రతి ప్రావిన్సు కేంద్రంలో ఉండే పెద్ద "అనుబాన్" బడులు. పేరులో అనుబాన్ అని ఉన్నా ప్రథోమ్ 6 దాకా ఉంటాయి. చియాంగ్ మాయ్, ఖోన్ కేన్, ఫుకెట్, ఎక్కడున్నా ముందు ఆ ఊరి అనుబాన్ బడి గురించి వాకబు చేయండి. బ్యాంకాక్‌లో ఫయా థాయ్, రాచవినిత్, అనుబాన్ సామ్‌సేన్ లాంటివి పేరున్న ఓబెక్ ప్రైమరీ బడులు.

బ్యాంకాక్ నగరపాలక సంస్థ వాళ్లవి వేరే 437 బడులు ఉన్నాయి. ఇంటికి దగ్గరగా ఉంటాయి, సీటు దొరుకుతుంది, ఖర్చు దాదాపు ఉండదు. మిగతా ఊళ్లలో "తేసబాన్" బడులు, అంటే మునిసిపాలిటీవి. వీటిని చిన్నచూపు చూడకండి. మంచి హెడ్మాస్టర్ ఉన్న మునిసిపల్ బడి, పేరున్న బడి కంటే పిల్లకు మేలు చేసిన సందర్భాలు నాకు తెలుసు.

ఇక "సాథిత్" బడులు యూనివర్సిటీల ఆధ్వర్యంలో నడుస్తాయి. చులాలొంగ్‌కార్న్, కసెట్‌సార్ట్, శ్రీనకరిన్‌విరోత్ యూనివర్సిటీలకు ఇలాంటివి ఉన్నాయి. కొత్త బోధనా పద్ధతులు ముందు అక్కడే వాడి చూస్తారు. తెలివైన పిల్లలకు నప్పే వాతావరణం చాలావరకు ఉంటుంది. కానీ ప్రథోమ్ 1 సీట్ల కోసం పోటీ విపరీతం, దాని కోసం పిల్లలను నాలుగో ఏట నుంచే ట్యూషన్లకు తిప్పే తల్లిదండ్రులు ఉన్నారు. ఐదేళ్ల పిల్లకు ఆ టెన్షన్ పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. మీ పిల్ల ఆటలాగా తీసుకుంటుందనుకుంటే ప్రయత్నించండి.

కొన్ని పెద్ద బడుల్లో ఇంగ్లిష్ ప్రోగ్రామ్ ఉంటుంది, ఈపీ అంటారు. చాలా సబ్జెక్టులు ఇంగ్లిష్‌లో చెబుతారు, థాయ్ మాత్రం థాయ్‌లోనే. మినీ ప్రోగ్రామ్ అయితే కొన్ని సబ్జెక్టులే. ఇవి ఉచితం కాదు, సెమిస్టర్‌కు వేల బాత్‌లు కట్టాలి. తరగతిలో పిల్లలు తక్కువ ఉంటారు కాబట్టి పనికొస్తుంది. ఇంగ్లిష్ కోసమే అయితే ఈపీకి వెళ్లనవసరం లేదని నా అభిప్రాయం, ఇంట్లో మనం నేర్పగలం.

"గిఫ్టెడ్" బోర్డు కోసం వెతక్కండి

మేము చేసిన మొదటి పొరపాటు ఇదే. థాయ్‌లో గిఫ్టెడ్ తరగతులు, సైన్స్-లెక్కల ప్రత్యేక గదులు ఎక్కువగా మత్థయోమ్ నుంచే మొదలవుతాయి. యువరాణి చులాభోర్న్ సైన్స్ హైస్కూళ్లు మత్థయోమ్‌లో, మహిడోల్ విద్యానుసోర్న్ అనే సైన్స్ హైస్కూల్ మత్థయోమ్ 4 నుంచి. ప్రైమరీలో ప్రత్యేక గది అన్న మాట వినిపిస్తే లోపల ఏం జరుగుతుందో ఆరా తీయండి. చాలాచోట్ల అది పాఠాలు ఎక్కువ, పరీక్షలు ఎక్కువ ఉన్న గది.

పిల్లలను మార్కుల ప్రకారం గదులుగా విడదీసే బడులు ఉన్నాయి. మొదటి గదిని అందరూ "హోంగ్ కింగ్" అంటారు, రాజుగారి గదన్నమాట. అక్కడ తెలివైన తోటి పిల్లలు దొరుకుతారు, అది నిజమైన లాభం. కానీ కొన్నిచోట్ల ఏడేళ్ల పిల్ల ప్రతి పరీక్షకూ గదిలోంచి జారిపోతానేమో అని భయపడుతూ బతుకుతుంది. మా అమ్మాయి మొదటి బడిలో ఒక లెక్క తప్పు పోయిందని రాత్రి నిద్రపోలేదు. అంతకుముందు తప్పు పోయిన లెక్కను నవ్వుతూ తెచ్చి చూపించే పిల్ల అది.

మరి సిలబస్ సంగతి. ప్రథోమ్ 1 లెక్కల్లో అంకెలు 100 దాకా, ప్రథోమ్ 2లో 1,000 దాకా, ప్రథోమ్ 3లో లక్ష దాకా. రుణ సంఖ్యల గురించి అడిగే పిల్ల ఏడాదంతా 100 లోపు లెక్కలు చేస్తుందన్నమాట. ఆ ఏడాది టీచర్ ఆమెకు ఏం ఇస్తుందన్నదే అసలు ప్రశ్న.

చాలామందికి తెలియని ఒక రూల్ ఉంది. 2008 జాతీయ పాఠ్యప్రణాళిక మార్గదర్శకాల ప్రకారం, అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లను ఏడాది మధ్యలో పై తరగతికి పంపవచ్చు. బడి ఒక కమిటీ వేసి పిల్లను పరీక్షించాలి, అందులో పై కార్యాలయం ప్రతినిధి కూడా ఉండాలి, తల్లిదండ్రులతో పాటు పిల్ల కూడా ఒప్పుకోవాలి, ఇదంతా రెండో సెమిస్టర్ మొదలయ్యే లోపు పూర్తవ్వాలి. ఆచరణలో బళ్లు దీన్ని అరుదుగా వాడతాయి. నేను కూడా మా అమ్మాయికి వద్దనుకున్నాను, తన వయసు స్నేహితులు అప్పుడే దొరికారు. కానీ ఈ మాట హెడ్మాస్టర్ దగ్గర ఎత్తి చూడండి. ఆయన ఆ రూల్ గురించి మాట్లాడే తీరును బట్టి ఆ బడి తెలివైన పిల్లను ఎలా చూస్తుందో అర్థమైపోతుంది. 1999 జాతీయ విద్యా చట్టం పదో సెక్షన్ ప్రత్యేక ప్రతిభ ఉన్న వాళ్లకు తగిన రీతిలో చదువు చెప్పాలని స్పష్టంగా అంటోంది. గొడవ పడటానికి కాదు గానీ, మీరు అడుగుతున్నది వింత కోరికేమీ కాదని మీకు ధైర్యం ఉంటుంది.

భాషను ఏడాది ముందే మొదలుపెట్టండి

థాయ్ రాని తెలివైన పిల్ల థాయ్ తరగతిలో మందమతిలా కనిపిస్తుంది. కఠినంగా అనిపించినా ఇది నిజం. మీ ఇద్దరిదీ తెలుగు ఇల్లే అయితే, ప్రథోమ్ 1లో నేరుగా చేర్చకుండా కనీసం అనుబాన్ చివరి ఏడాది అయినా థాయ్ బడిలో వేయండి.

రాత విషయంలో మన పిల్లలకు ఒక వరం ఉంది. థాయ్ హల్లులు 44, కానీ వరుస మనదే: క, ఖ, గ, ఘ, ఙ స్థానాలు, తర్వాత చ వర్గం. ఒక ముఖ్యమైన తేడా, మన "గ" ఉండే చోట వాళ్లు "ఖ" పలుకుతారు. అందుకే గురువు "ఖ్రూ" అయ్యాడు, గణితం "ఖనిత్" అయింది. వర్ణమాల వచ్చిన పిల్లకు ఈ సూత్రం చెబితే గుప్తనిధి దొరికినట్టు సంబరపడుతుంది. మా అమ్మాయి ఒక వారం రోజులు ఇంట్లో కనిపించిన ప్రతి థాయ్ మాటకూ మన అక్షరం వెతికింది.

కష్టం మాట పలికే ఐదు స్వరస్థాయిల (టోన్ల) దగ్గర, మాటల మధ్య ఖాళీ లేకుండా రాసే పద్ధతి దగ్గర వస్తుంది. దానికి పుస్తకం కంటే మనుషులు మేలు. మా అత్తగారు రోజూ సాయంత్రం అంగడికి వెళ్తూ దుకాణాల బోర్డులు చదివించేవారు. మీకు అలాంటి పెద్దవాళ్లు లేకపోతే పక్కింటి పిల్లలతో ఆడించండి, వారానికి రెండు గంటలు ఒక కాలేజీ అమ్మాయిని పెట్టుకోండి.

బడికి వెళ్లండి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఫోన్‌లో ముందు అడిగి, ఎనిమిదింటికి జెండా వందనం వేళకు చేరండి. అందరూ వరుసల్లో నిలబడి పాట పాడతారు, ప్రార్థన చేస్తారు. పిల్లల మీద అరుస్తున్నారా, ఎవరైనా ఆలస్యంగా వస్తే ఏం చేస్తున్నారు, చూడండి.

తర్వాత ప్రథోమ్ 1 గదుల వైపు నడవండి. గుమ్మం బయట చెప్పుల అరలో చిన్న బూట్లు వరుసగా ఉంటాయి. వీలైతే అక్కడే కిటికీ పక్కన పది నిమిషాలు నిలబడనివ్వమని అడగండి. మా రెండో బడిలో అలా నిలబడ్డప్పుడు చూసిన సంగతి ఒకటి చెబుతాను. బోర్డు మీద ఖ్రూ 8+7 రాశారు. ఒక పిల్లవాడు లేచి, ఏడులోంచి రెండు తీసి ఎనిమిదికి ఇస్తే పది, మిగిలింది ఐదు అన్నాడు. పుస్తకంలో పద్ధతి వేరు. ఆమె చాక్‌పీస్ వాడి చేతిలో పెట్టి, "అది అందరికీ గీసి చూపించు" అన్నారు. వాడు వంకరగా పది చుక్కలు పెట్టే దాకా ఓపికగా నిలబడ్డారు. నేను ఆ కిటికీ దగ్గరే నిర్ణయం తీసేసుకున్నాను.

లైబ్రరీ తలుపు తెరిచి ఉందా, పుస్తకాలు నలిగి ఉన్నాయా చూడండి. అద్దాల బీరువాలో తళతళలాడే పుస్తకాలుంటే వాటిని ఎవరూ ముట్టుకోవడం లేదని అర్థం. భోజనం తర్వాత పిల్లలు వరుసగా పళ్లు తోముకునే చోట ఎంతమంది నవ్వుతూ కబుర్లు చెప్పుకుంటున్నారో చూడండి. సాయంత్రం మూడున్నర తర్వాత ఇంకోసారి వెళ్లండి. పిల్లలు ఆడుకుంటున్నారా, లేక అందరూ మళ్లీ ట్యూషన్ గదుల్లోకి వెళ్తున్నారా? థాయ్‌లో ట్యూషన్ మనకంటే తక్కువేమీ కాదు. గేటు బయట ట్యూషన్ వ్యాన్లు బారులు తీరి ఉంటే ఆ బడిలో చదువు ఏ తీరుగా నడుస్తోందో తెలిసిపోతుంది.

ఖ్రూని ఏం అడగాలి

చాలా ప్రశ్నలు తీసుకెళ్తే ఇంటర్వ్యూలా ఉంటుంది. నేను ఒకే ప్రశ్నతో మొదలుపెట్టేదాన్ని: "థా థమ్ సెత్ కోన్, డెక్ థమ్ అరాయ్ ఖా?" పని ముందే అయిపోతే పిల్ల ఏం చేస్తుంది అని అర్థం. మగవాళ్లు చివర "ఖా" బదులు "ఖ్రప్" అనాలి. "కూర్చుని ఉంటుంది" అంటే జాగ్రత్త. "వెనకబడ్డ వాళ్లకు సాయం చేస్తుంది" అంటే మంచిదే, కానీ రోజూ అదే అయితే పిల్ల ఏం నేర్చుకుంటుంది? "మూలన పుస్తకాలు, పజిల్స్ ఉన్నాయి" అంటే సంతోషించండి.

ఆ తర్వాత మాటల్లో మాటగా ఇవి తెలుసుకోండి: తరగతిలో ఎంతమంది, హోమ్‌వర్క్ ఎంత, సైన్స్ పాఠంలో చేత్తో చేసేవి ఉంటాయా, "చిన్న శాస్త్రవేత్తల ఇల్లు" కార్యక్రమంలో బడి చేరిందా. ఇది 2010లో జర్మనీ నమూనాతో మొదలైన సైన్స్ కార్యక్రమం, చేరిన బడుల్లో పిల్లలు నీళ్లు, గాలి, వెలుతురుతో సొంతంగా ప్రయోగాలు చేస్తారు. పైతరగతుల్లో పిల్లలను లెక్కల పోటీలకు, ఐపీఎస్‌టీ (సైన్స్, లెక్కల బోధన చూసే ప్రభుత్వ సంస్థ) ప్రథోమ్ 3, 6 పిల్లలకు పెట్టే గణిత-సైన్స్ ప్రతిభా పరీక్షకు పంపుతారా అని కూడా అడగండి. పంపిస్తే మంచిదే. గోడ మీద పతకాల ఫొటోలన్నిట్లో ఎప్పుడూ అదే ఐదుగురు పిల్లలు కనిపిస్తే మిగతా వాళ్ల మాటేమిటో కనుక్కోండి.

కాగితాలు, తేదీలు, డబ్బు

విద్యా సంవత్సరం మే 16న మొదలవుతుంది. అడ్మిషన్లు అంతకు కొన్ని నెలల ముందే, కాబట్టి వెతుకులాట ముందటి ఏడాది నవంబరులోనే మొదలుపెట్టండి. పెద్ద అనుబాన్ బడుల్లో సొంత కేజీ పిల్లలకే చాలా సీట్లు పోతాయి, బయటివాళ్లకు మిగిలేవి కొన్నే. అక్కడే చదివించాలనుకుంటే అనుబాన్ నుంచే చేర్చడం తేలిక. పేరున్న బడుల్లో బయటి సీట్లకు లాటరీ తీయడం కూడా ఉంది.

బడి పరిధిలో ఇల్లు ఉన్న వాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది, దానికి ఇంటి రిజిస్టర్, "తబియన్ బాన్", అడుగుతారు. థాయ్ వాళ్లది నీలం పుస్తకం, విదేశీయులది పసుపు. అందులో పేరు ఎప్పటి నుంచి ఉందన్నది కూడా చూస్తారు, కాబట్టి ఇల్లు మారే ముందు ఆలోచించండి. తల్లిదండ్రులిద్దరూ భారతీయులే అయినా పిల్లకు చదువుకునే అవకాశం ఉంది. 2005 జూలై 5 నాటి కేబినెట్ తీర్మానం జాతీయతతో, పత్రాలతో పని లేకుండా పిల్లలను బడిలో చేర్చుకోవాలంటోంది. థాయ్ పౌర సంఖ్య లేని పిల్లకు బడి ఒక ప్రత్యేక కోడ్ ఇస్తుంది. పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, టీకాల కార్డు, వాటి థాయ్ అనువాదాలు నాలుగేసి కాపీలు దగ్గర పెట్టుకోండి. కాపీ మీద మీ సంతకం పెట్టకపోతే తిప్పి పంపుతారు.

మామూలు తరగతికి ఫీజు లేదు. పాఠ్యపుస్తకాలకు, యూనిఫాంకు, సామగ్రికి ప్రభుత్వం డబ్బిస్తుంది, మధ్యాహ్న భోజనం, పాలు బడిలోనే. స్కౌట్ దుస్తులు, ఈత, అదనపు ఇంగ్లిష్ లాంటి వాటికి కొంత కట్టాలి. ప్రతిదానికీ రసీదు అడగండి. సీటు కోసం "విరాళం" ఇమ్మని ఎవరైనా చెవిలో చెబితే, దాన్ని ఇక్కడ "పే చియా" అంటారు, ఇవ్వకండి. అది చట్టవిరుద్ధం, పైగా ఆ బడితో మీ సంబంధం అప్పటి నుంచే చెడిపోతుంది.

చేరాక

మొదటి సెమిస్టర్ అంతా పిల్లను మార్కుల గురించి అడగకండి. "ఇవాళ ఎవరితో ఆడావు?" అని అడగండి. లెక్కల ఆకలిని ఇంట్లోనూ, సెలవుల్లోనూ తీర్చండి. ఎక్కమాయ్‌లో ప్లానిటోరియం ఉంది, పథుమ్ థానీలో సైన్స్ మ్యూజియం ఉంది, సెంట్రల్‌వరల్డ్ మాల్‌లో టీకే పార్క్ లైబ్రరీ ఉంది. టికెట్ ఖర్చు తక్కువ. చియాంగ్ మాయ్‌లో ఉన్న వాళ్లకు మే రిమ్‌లో ఖగోళ పార్కు ఉంది.

పిల్ల బడిలో బోరుగా ఉందని రెండు నెలలు వరసగా చెబితే, ఆ నోటుబుక్కు తీసుకుని ఖ్రూ దగ్గరికి వెళ్లండి. ఫిర్యాదు చేస్తున్నట్టు ఉండకూడదు. థాయ్‌లో గొంతు పెంచితే మాట అక్కడే ఆగిపోతుంది. "ఇంట్లో ఇలా చేస్తోంది, మీకేమనిపిస్తోంది?" అని సలహా అడగండి. మొదటి బడిలో నేను ఆవేశంగా మాట్లాడి నష్టపోయాను. రెండో బడిలో ఇలా అడిగితే ఖ్రూ మర్నాడే ప్రథోమ్ 3 లెక్కల పుస్తకం తెచ్చి మా అమ్మాయి డెస్కులో పెట్టారు.

జూన్‌లో ఒక గురువారం "వాయ్ ఖ్రూ" వస్తుంది, గురుపూజ. పిల్లలు పూలు పట్టుకెళ్లి ఖ్రూ ముందు వంగి దండం పెడతారు. ముందురోజు సాయంత్రమే నూరువరహాల పూలు, గరిక, వంకాయ పువ్వు సిద్ధం చేసుకోండి. నూరువరహాలను థాయ్‌లో "ఖెమ్" అంటారు, సూది అని అర్థం, బుద్ధి సూదిలా చురుగ్గా ఉండాలని. గరిక నేల మీద పాకినట్టు చదువు వ్యాపించాలని. వంకాయ పువ్వు తల వంచుకునే పూస్తుంది కాబట్టి అణకువ కోసం. మా ఇంట్లో గరిక ఏరే పని అమ్మాయిదే, వినాయక చవితికి అమ్మమ్మ ఇంట్లో ఏరిన అలవాటు. గరిక చివర్లు తెగకుండా తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దుటికి వాడిపోదు.